బ్లాకు శాతం వెనుక కథ

హైదరాబాద్‌లో ఏ పెద్దాసుపత్రి గుండె వార్డు బయట కాసేపు కూర్చున్నా రెండు ప్రశ్నలు చెవిన పడతాయి. "ఎన్ని బ్లాకులున్నాయట?", "ఎంత శాతమట?" నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చిన కుటుంబం ఆ అంకె విని, ఆ టెన్షన్‌లోనే స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) కాగితం మీద సంతకం పెట్టాలి. తొంభై అంటే కాళ్లు చల్లబడతాయి. అరవై అంటే కాస్త ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి ఆ అంకె నాళం ఏ మేరకు సన్నబడిందో మాత్రమే చెబుతుంది. ఆ ఇరుకు దాటి గుండె కండరానికి రక్తం ఎంత అందుతోందో చెప్పదు. ఈ రెండూ ఒకటేనన్న నమ్మకం ఎలా స్థిరపడిందో, రోగుల మీద జరిగిన పరిశోధనలు దాన్ని ఎలా కదిలించాయో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ముందుగా ఒక జాగ్రత్త. ఇక్కడ చెప్పేదంతా నిలకడగా ఉన్న గుండె జబ్బు గురించి, అంటే మెట్లెక్కితేనో వేగంగా నడిస్తేనో వచ్చి, ఆగితే తగ్గే నొప్పి గురించి. గుండెపోటు వేరు. అప్పుడు మూసుకున్న నాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే అంత కండరం బతుకుతుంది. ఇందులో వైద్యులకు రెండో మాట లేదు.

రక్తం గుండె నుంచి బయలుదేరి మళ్లీ గుండెకే చేరుతుందని విలియం హార్వే 1628లో రాశాడు. గుర్రం ధమనిలోకి గాజు గొట్టం పెట్టి రక్తం ఎంత ఎత్తుకు లేస్తుందో కొలిచిన స్టీఫెన్ హేల్స్ పుస్తకం 1733లో వచ్చింది. గుండె నిమిషానికి ఎంత రక్తం తోడుతుందో ఆక్సిజన్ లెక్కతో కట్టవచ్చని 1870లో అడాల్ఫ్ ఫిక్ చెప్పాడు. ఆ తర్వాతి ముఖ్యమైన మజిలీల్లో ఒకటి మన ఊరే. హైదరాబాదీలలో చాలామందికి ఇది తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అప్పట్లో ఆపరేషన్లకు మత్తు కోసం క్లోరోఫాం ఇచ్చేవారు. ఉన్నట్టుండి కొందరు చనిపోయేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? దీనిపై యూరప్ వైద్యులు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని, హైదరాబాద్ వైద్య పాఠశాలను నడిపిన ఎడ్వర్డ్ లారీ ఊపిరి పక్షం. ఊపిరిని గమనిస్తూ ఇస్తే క్లోరోఫాంతో గుండెకు ప్రమాదం లేదని ఆయన గట్టిగా నమ్మేవాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చి 1888లో ఒక కమిషన్ వేయించారు. దాని ఫలితాన్ని లండన్‌లోని లాన్సెట్ పత్రిక అంగీకరించకపోవడంతో, వెయ్యి పౌండ్లు ఇస్తాం, మీ నిపుణుడినే పంపండని కోరారు. అలా 1889లో లండన్ వైద్యుడు లాడర్ బ్రంటన్ హైదరాబాద్ వచ్చాడు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. కొన్నింటిలో ధమనిలోని పోటు ఎలా పెరిగిందో, ఎలా పడిపోయిందో తిరిగే కాగితం మీద గీతలుగా నమోదు చేశారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్జీ కూడా ఈ పనిలో పాల్గొన్నారు.

క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదని, ఊపిరి ఆగడమే ప్రమాదమని కమిషన్ తేల్చింది. ఆ తీర్పు నిలబడలేదు. క్లోరోఫాం తక్కువ మోతాదులో ఉన్నప్పుడు శరీరంలోకి అడ్రినలిన్ (భయం కలిగినప్పుడు ఒంట్లో ఊరే రసాయనం) చేరితే గుండె లయ తప్పి, వణికి ఆగిపోతుందని 1911లో గుడ్‌మన్ లీవీ పిల్లుల మీద చూపించాడు. బల్లమీద భయంతో, సగం మత్తులో ఉన్న మనిషి పరిస్థితి సరిగ్గా అదే. హైదరాబాద్‌లో గీసిన గీతల్లో అబద్ధం లేదు. కానీ అవి ఆరోగ్యంగా ఉన్న జంతువులవి. భయంలో ఉన్న రోగి ఒంట్లో రక్త ప్రసరణ ఎలా మారుతుందో అవి చెప్పలేకపోయాయి. రోగి దగ్గరే, రోగి అనుమతితోనే కొలవాలన్న పట్టుదల ఎందుకు అవసరమో ఈ ఒక్క ఉదంతం చాలు అర్థం కావడానికి.

బతికున్న మనిషి గుండెలోకి గొట్టం పంపవచ్చని 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ తన చేతి నరం ద్వారా తనకే పెట్టుకుని నిరూపించాడు. ఆ దారిలోనే కుర్నాండ్, రిచర్డ్స్ గుండె గదుల్లోని పీడనాలను క్రమపద్ధతిలో కొలిచారు. 1956లో ముగ్గురికీ కలిపి నోబెల్ వచ్చింది. అప్పటి నుంచి కవాటాల జబ్బులో పీడనం లెక్క ప్రధానమైంది. చిన్నతనంలో గొంతు నొప్పితో మొదలయ్యే రుమాటిక్ జబ్బు వల్ల మైట్రల్ కవాటం (గుండె ఎడమ గదుల మధ్య తలుపు) సన్నబడిన వారు తెలుగు నాట ఎక్కువే. వారి విషయంలో కవాటానికి ఇటూ అటూ పీడనంలో తేడా ఎంతన్నది చూసే వైద్యులు నిర్ణయం తీసుకునేవారు.

గుండెకే రక్తమిచ్చే కరోనరీ ధమనుల దగ్గరికి వచ్చేసరికి కథ మలుపు తిరిగింది. 1958లో క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ పరీక్ష చేస్తుండగా, రంగు మందు పొరపాటున నేరుగా కరోనరీ ధమనిలోకి వెళ్లింది. రోగి గుండె కొన్ని క్షణాలు ఆగినా మళ్లీ కొట్టుకుంది, బొమ్మ మాత్రం స్పష్టంగా వచ్చింది. యాంజియోగ్రామ్ అలా పుట్టింది. 1977లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ బెలూన్‌తో ఇరుకును తెరిచాడు. తర్వాత స్టెంట్లు వచ్చాయి. అంత సన్నని నాళంలో ప్రవాహానికి అడ్డుపడకుండా పీడనం కొలిచే సన్నని తీగ అప్పటికి లేదు కాబట్టి, కంటికి కనిపించే శాతమే తీర్పు చెప్పే అంకె అయింది.

ఆ అంకె చాలదని 1974లోనే లాన్స్ గౌల్డ్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు హెచ్చరించాయి. విశ్రాంతిగా ఉన్నప్పుడు నాళం 85 శాతం సన్నబడే దాకా రక్త ప్రవాహం తగ్గలేదు. అవతలి చిన్న నాళాలు వెడల్పై లోటును సర్దుకున్నాయి. కానీ గుండెకు ఎక్కువ రక్తం కావాల్సిన సమయంలో, నాళం సగం మూసుకోకముందే ప్రవాహం తగ్గడం మొదలైంది. అంటే ఒకే బ్లాకు కూర్చున్నప్పుడు ఒకలా, పరుగెత్తినప్పుడు మరోలా ప్రవర్తిస్తుంది.

1990లలో పీడనం కొలిచే సన్నని తీగ వచ్చాక నికో పేల్స్, బెర్నార్డ్ డి బ్రాయిన్ ఈ సంగతిని రోగుల దగ్గరికి తెచ్చారు. అడినోసిన్ అనే మందు ఇచ్చి ప్రవాహాన్ని గరిష్ఠానికి పెంచి, బ్లాకు అవతలి పీడనాన్ని ముందున్న పీడనంతో భాగిస్తారు. దాన్నే ఎఫ్ఎఫ్ఆర్ అంటారు. 0.80 లేదా అంతకన్నా తక్కువ వస్తే ఆ బ్లాకు రక్తాన్ని నిజంగా అడ్డుతోందని లెక్క. 2009లో వెలువడిన ఫేమ్ అధ్యయనంలో 1,005 మంది ఉన్నారు. బొమ్మ చూసి వేసిన గుంపులో ఒక్కొక్కరికి సగటున 2.7 స్టెంట్లు పడితే, కొలిచి వేసిన గుంపులో 1.9 పడ్డాయి. ఏడాదిలో మరణం, గుండెపోటు, మళ్లీ చికిత్స వంటివి కలిపి 18.3 శాతం నుంచి 13.2కు తగ్గాయి. ఇంకో వివరం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. బొమ్మలో 71 నుంచి 90 శాతం అనిపించిన బ్లాకుల్లో ఐదింట ఒకటి, కొలిస్తే ప్రవాహాన్ని పెద్దగా అడ్డుకోవడం లేదని తేలింది. 50 నుంచి 70 శాతం వాటిలో నిజంగా అడ్డుతున్నవి 35 శాతమే.

అయితే కొలతే సర్వస్వమనీ అనలేం. మూడు నాళాల జబ్బులో ఎఫ్ఎఫ్ఆర్ చూసి వేసిన స్టెంట్లు కూడా ఏడాది ఫలితాల్లో బైపాస్ ఆపరేషన్‌కు సరితూగలేదని తర్వాత 1,500 మందితో జరిగిన ఫేమ్ 3 చూపించింది.

ఈలోగా ఇంకా మౌలికమైన ప్రశ్న లేచింది. నిలకడగా ఉన్న జబ్బులో స్టెంట్ ప్రాణం నిలుపుతుందా? 2007లో 2,287 మందితో వచ్చిన కరేజ్, ఆ తర్వాత మన దేశంతో సహా 37 దేశాల్లో 5,179 మందిని చేర్చుకున్న ఇస్కీమియా అధ్యయనం ఒకే వైపు చూపాయి. మంచి మందులకు స్టెంటో బైపాసో తోడు చేసినంత మాత్రాన మరణాలు తగ్గలేదు. నొప్పి మాత్రం చాలామందికి తగ్గింది. ఆ తగ్గడంలో నమ్మకం పాత్ర ఎంతో తేల్చడానికి బ్రిటన్‌లో ఆర్బిటా అధ్యయనం జరిగింది. 200 మందిని క్యాథ్ ల్యాబ్‌కు (స్టెంట్లు వేసే గదికి) తీసుకెళ్లి, సగం మందికి స్టెంట్ వేశారు, సగం మందికి వేసినట్టు మాత్రమే చేశారు. ఎవరికి ఏమి చేశారో రోగులకు తెలియదు. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం నడక పరీక్షలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2023లో ఆర్బిటా 2 వచ్చింది. నొప్పి మందులు ఆపిన రోగుల్లో స్టెంట్ నొప్పిని నిజంగానే తగ్గించిందని అది తేల్చింది. కాబట్టి స్టెంట్ వృథా అని ఎవరైనా అంటే అది తప్పు. ప్రాణం కోసమా, నొప్పి కోసమా అన్నది సంతకానికి ముందు కుటుంబానికి స్పష్టంగా తెలియాలి.

మన దగ్గర ఇన్నాళ్లూ చర్చ ఎక్కువగా ధర చుట్టూ తిరిగింది. అది న్యాయమే. 1990లలో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి హైదరాబాద్‌లో చౌక స్టెంట్ కోసం కష్టపడ్డది ఆ బాధతోనే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు గుండె ఆపరేషన్ల తలుపు తెరిచింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంట్ ధరకు 29,600 రూపాయల హద్దు పెట్టింది. ధర మీద ఇంత పోరాడిన మనం, ఫలానా రోగికి అది అవసరమా అన్న కొలతను అంత గట్టిగా అడగలేదు.

అడగాలంటే పరిశోధనలో మనవాళ్లు ఉండాలి. దానికి నమ్మకం కావాలి. ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు టీకా వేసిన అధ్యయనంలో తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపడి, 2010లో దాన్ని ఆపేశారు. అలాంటివి చూసిన జనం "మా మీద ప్రయోగాలా?" అని అడగడంలో తప్పు లేదు. 2019లో వచ్చిన క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు అనుమతి, పరిహారం విషయాల్లో కాస్త బలం ఇచ్చాయి.

నమ్మకం ఉన్నచోట ఏం సాధ్యమో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పని చూస్తే తెలుస్తుంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ సమీపంలోని 29 పల్లెల్లో కొన్నింట గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ అదనపు ఆహారం ఇచ్చారు. పదిహేనేళ్ల తర్వాత 13 నుంచి 18 ఏళ్ల మధ్య ఉన్న ఆ పిల్లలను వెతికి పట్టుకుని ధమనులు ఎంత బిరుసెక్కాయో కొలిచారు. ఆహారం అందిన పల్లెల పిల్లల్లో బిరుసు తక్కువగా ఉందని 2008లో ప్రచురించారు. రక్త ప్రసరణలో మార్పు యాంజియో బల్ల మీద మొదలవదని, తల్లి కడుపులో ఉన్నప్పటి తిండి నుంచే లెక్కకు వస్తుందని అనుకోవడానికి ఇది ఒక ఆధారం. ఆ పల్లెల్లో పరిశీలన తర్వాత కూడా సాగింది, తల్లిదండ్రులనూ అందులో చేర్చారు. అప్పటి పిల్లలు ఇప్పుడు నలభైకి దగ్గరవుతున్నారు.