వెలుగులో ఇంటి దొంగ

దూరం కొలిచే చిన్న సెన్సర్ మాడ్యూల్‌ని బల్ల మీద పెట్టి, మీటరు అవతల ఉన్న గోడ వైపు తిప్పితే దాదాపు సరిగ్గానే చెబుతుంది. దాన్నే ఒక డబ్బాలో బిగించి, దుమ్ము పడకుండా ముందొక ప్లాస్టిక్ రేకు పెట్టి చూడండి. గోడ అక్కడే ఉంది, సెన్సరూ అక్కడే ఉంది, అంకె మాత్రం తగ్గిపోతుంది. రేకు మీద బొటనవేలితో ఒకసారి రుద్దితే ఇంకా తగ్గుతుంది. గోడ మీద నల్లగుడ్డ వేలాడదీస్తే, గోడే మన మీదికి జరిగి వచ్చినట్టు చూపిస్తుంది. కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్లు ఇక్కడే టెన్షన్ పడి ప్రోగ్రాంలో తప్పు వెతకడం మొదలుపెడతారు. ప్రోగ్రాంలో ఏమీ లేదు. రేకుకి తగిలి వెనక్కి వచ్చిన వెలుగు చేస్తున్న పని ఇది.

ఫోన్లలో, ఇల్లు ఊడ్చే రోబోల్లో, డ్రోన్లలో ఉండే ఈ సెన్సర్లలో చాలావాటికి సూత్రం ఒకటే: కంటికి కనబడని పరారుణ కాంతిని పంపడం, అది తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూడడం. వెలుగు ఒక నానోసెకనులో సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది. మీటరు దూరంలోని గోడ దాకా వెళ్లి రావడానికి 6.7 నానోసెకన్లు చాలు. అంత తక్కువ సమయాన్ని కొలవడమే పెద్ద ఘనత అనిపిస్తుంది గానీ, నా లెక్కలో అసలు కష్టం అది కాదు. తిరిగి వచ్చే వెలుగు ఎంత కొంచెమో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

వెలుగులో 20 శాతాన్ని అన్ని వైపులా చెదరగొట్టే బూడిదరంగు గోడ మీటరు దూరంలో ఉందనుకుందాం. సెన్సర్ కన్ను వెడల్పు ఒక మిల్లీమీటరు. లెక్క కడితే, పంపిన వెలుగులో ఆ కంట్లో పడేది రెండు కోట్ల వంతుల్లో ఒక వంతు. ఇప్పుడు సెన్సర్ ముందున్న రేకు సంగతి. అది గాజుదే అనుకుందాం. మామూలు గాజు తన ప్రతి ముఖం దగ్గరా సుమారు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది. అందులో ఎక్కువ భాగం ఎటో పోతుంది. అయినా పంపిన వెలుగులో పది లక్షల వంతుల్లో ఒక్క వంతు పక్కనే ఉన్న కంట్లోకి జారితే చాలు, అది గోడ నుంచి వచ్చిన దానికి 20 రెట్లు అవుతుంది. ఈ రంగంలో పనిచేసేవాళ్లు దీన్ని క్రాస్‌టాక్ అంటారు. వేలిముద్ర జిడ్డు ఆ వెలుగును మరింత చెదరగొట్టి కంటి వైపు మళ్లిస్తుంది.

సెన్సర్‌కి పెద్ద శత్రువు ఎండ అని చాలామంది అనుకుంటారు. ఎండ తక్కువదేమీ కాదు, కానీ అది బయటి దొంగ. దానికి మన లేజర్ వెలిగి ఆరే లయ తెలియదు. లేజర్ ఆపినప్పుడు ఎంత వెలుగు ఉందో కొలిచి తీసేయవచ్చు. 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర గాలిలోని నీటి ఆవిరి ఎండను కొంత మింగేస్తుంది, కాబట్టి చాలా సెన్సర్లు ఆ రంగునే ఎంచుకుని, దాన్ని మాత్రమే రానిచ్చే ఫిల్టర్ పెట్టుకుంటాయి. గాజు మీద నుంచి వచ్చే వెలుగు అలా కాదు. అది మన లేజర్ వెలుగే. అదే రంగు, అదే లయ. ఏ ఫిల్టరూ దాన్ని పట్టలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

విచిత్రం ఏమిటంటే, చంద్రుడి దూరం కొలిచేవాళ్లకు ఈ బాధ బాగా తక్కువ. 1969లో అపోలో 11 వ్యోమగాములు అక్కడ పెట్టి వచ్చిన అద్దాల పలక మీదికి లేజర్ కొడితే, వెలుగు వెళ్లి రావడానికి దాదాపు రెండున్నర సెకన్లు పడుతుంది. టెలిస్కోపు లోపల చెదిరిన వెలుగు అప్పటికి ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. తిరిగి వచ్చే ఆ క్షణానికి మాత్రమే కన్ను తెరిస్తే సరిపోతుంది. ఫోన్‌లో ఆ వెసులుబాటు ఎక్కడిది? గాజు మిల్లీమీటరు దూరంలో ఉంటుంది. లేజర్ మెరుపే ఒక నానోసెకను పాటు సాగితే, 15 సెంటీమీటర్ల లోపు ఉన్న వస్తువు నుంచి వచ్చే వెలుగు, గాజు నుంచి వచ్చే వెలుగు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. అంతకన్నా దూరంగా ఉన్న వస్తువులైతే మొదట వచ్చిన వెలుగును లెక్కలోకి తీసుకోకుండా వదిలేయవచ్చు. అక్కడా ఓ తిరకాసు ఉంది. ఒక్కో ఫోటాన్‌ని, అంటే ఒక్కో వెలుగు రేణువుని, లెక్కపెట్టే డిటెక్టర్ ఒకసారి స్పందించాక కొన్ని నానోసెకన్ల పాటు గుడ్డిదైపోతుంది. గాజు వెలుగుకే అది స్పందించేస్తే, వెనకాలే వచ్చే అసలు ఫోటాన్ కనబడకుండా పోతుంది. అందుకే కొన్నిట్లో డిటెక్టర్‌నే కాస్త ఆలస్యంగా మేల్కొలుపుతారు.

ఇంకో రకం సెన్సర్లు మెరుపు పంపవు. వెలుగును ఒక లయలో హెచ్చిస్తూ తగ్గిస్తూ పంపి, తిరిగి వచ్చిన లయ ఎంత వెనకబడిందో చూస్తాయి. గడియారం ముల్లు ఎంత తిరిగిందో చూసినట్టన్న మాట. లయ 20 మెగాహెర్ట్జ్ అయితే ముల్లు ఒక చుట్టు తిరగడమంటే 7.5 మీటర్ల దూరం. 1.875 మీటర్ల దగ్గరున్న గోడకి ముల్లు సరిగ్గా పావు చుట్టు, అంటే 90 డిగ్రీలు తిరగాలి. వచ్చే వెలుగు ఎంత ఎక్కువైతే ముల్లు అంత పొడవు. గాజు నుంచి వచ్చేది సున్నా దగ్గరే నిలబడిన ఇంకో చిన్న ముల్లు. దాని పొడవు అసలు ముల్లులో పదో వంతే అనుకున్నా, రెండూ కలిసి 84.3 డిగ్రీలు చూపిస్తాయి. దూరంలో 12 సెంటీమీటర్లు గల్లంతు!

అయితే ఎప్పుడూ 12 సెంటీమీటర్లు కలిపేస్తే పోలేదా? పోదు. గోడ దూరమయ్యే కొద్దీ అసలు ముల్లు పొట్టిదవుతుంది, గాజు ముల్లు మాత్రం అంతే ఉంటుంది. నల్లగుడ్డ దగ్గరా అంతే. దూరాన్ని బట్టి, రంగును బట్టి తప్పు మారుతూ పోతుంది. కాబట్టి తీసేయాల్సింది అంకె నుంచి కాదు, వెలుగు నుంచే. ఎదురుగా ఏమీ లేకుండా చీకట్లోకి తిప్పి కొలిస్తే మిగిలేది గాజు వెలుగొక్కటే. దాని పొడవు, దిశ గుర్తుపెట్టుకుని ప్రతి కొలతలోంచీ ఆ ముల్లును తీసేయాలి. ఫ్యాక్టరీలో చేసే కాలిబ్రేషన్ సారాంశం ఇదే. ఎవరైనా గాజు మీద వేలు పెట్టేదాకా అది బాగానే పనిచేస్తుంది.

తీసివేతకు ఇంకో హద్దు ఉంది. గోడ నుంచి 500 ఫోటాన్లు, గాజు నుంచి 10,000 వచ్చాయనుకోండి. పదివేలూ తీసేయవచ్చు, కానీ ఫోటాన్లు లెక్క ప్రకారం రావు. పదివేలలో ఒక వంద అటూ ఇటూ అవుతూనే ఉంటాయి. ఆ వంద తడబాటు మన అయిదు వందల మీదే పడుతుంది. అందుకని గాజు వెలుగును కంటి దాకా రానివ్వకపోవడమే మంచి పద్ధతి. లేజర్‌కి, కంటికి మధ్య గాజును ఆనుకునేలా మెత్తని నల్లరబ్బరు గోడ కడతారు. గాజును పల్చగా, సెన్సర్‌కి వీలైనంత దగ్గరగా పెడతారు. వెలుగును వెనక్కి కొట్టని పూత పూస్తారు. కుదిరితే రెండింటికీ వేరువేరు కిటికీలు పెడతారు.

ఆ రబ్బరు నలుపు విషయంలోనూ మోసపోయే అవకాశం ఉంది. మన కంటికి నల్లగా ఉన్నదల్లా పరారుణంలో నల్లగా ఉండదు. రాత్రిపూట పరారుణంతో చూసే కెమెరాలో చాలా నల్లబట్టలు లేతగా కనబడడం మీరు గమనించే ఉంటారు. రంగు అద్ది నల్లగా చేసిన అల్యూమినియం కూడా అంతే. డబ్బా లోపలంతా నల్లగా ఉందని మూత బిగించేసే ముందు, అదే కెమెరాతో ఒకసారి లోపలికి చూస్తే తెల్లగా మెరిసే గోడలు కనబడవచ్చు.