పిండి కాని భాగంలోనే ఉంది రుచి

గచ్చిబౌలిలో ఒక హోటల్ బార్‌లో పనిచేస్తున్న నా పాత విద్యార్థి మొన్న ఫోన్ చేశాడు. "సార్, ఇక్కడ ఒక సింగిల్ మాల్ట్ విస్కీ సీసా మీద బార్లీ రకం పేరు కూడా వేశారు, గోల్డెన్ ప్రామిస్ అని. ధర బాగా ఎక్కువ. గింజ మారితే విస్కీ రుచి నిజంగా మారుతుందా, లేక అమ్ముకోవడానికి చెప్పే మాటా?"

ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినవాడికి ఇలాంటి ప్రశ్న వస్తే పండగే. మారుతుంది. ఎక్కడ మారుతుందో తెలియాలంటే మాత్రం ముందు మన వంటింట్లోని రాగి మాల్ట్ దగ్గరికి వెళ్లాలి.

రాగులు రాత్రంతా నానబెడతాం. తడిగుడ్డలో మూట కడతాం. తెల్లటి మొలకలు గుడ్డలోంచి పొడుచుకొచ్చాక నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, విసురుతాం. స్కాట్లండ్‌లో విస్కీ కోసం బార్లీకి చేసేది కూడా ఇదే: నానబెట్టడం, మొలకెత్తించడం, వేడిగాలితో ఆరబెట్టడం. సింగిల్ మాల్ట్ అనే పేరులోని మాల్ట్, మన పిల్లలకు పట్టే మాల్ట్ ఒకటే మాట, ఒకటే పని.

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. గరిటె నిలబడేంత చిక్కగా గంజి కాచి, వేలు పెడితే చురుక్కుమనేంత వేడికి దించండి. వేయించని మొలకల పిండి ఒక చెంచా అందులో కలపండి. కొద్ది నిమిషాల్లో గంజి నీళ్లలా జారిపోతుంది. క్లాసులో ఇది చూపించినప్పుడల్లా వెనక బెంచీ వాళ్లు కూడా లేచి ముందుకొచ్చేవారు. మొలకలోని అమైలేజ్ అనే ఎంజైము పిండి గొలుసులను తెంచి చక్కెర చేస్తోంది. సింగిల్ మాల్ట్ విస్కీకి కావలసిన చక్కెర ఇలాగే పుడుతుంది.

ఆ ఎంజైము ఎక్కడి నుంచి వస్తుంది? నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. నీళ్లు తగలగానే గింజ కొసనున్న పిండం జిబ్బరెల్లిన్ అనే హార్మోను వదులుతుంది. అది పిండి చుట్టూ ఉన్న అల్యూరాన్ పొరను చేరి "ఆకలేస్తోంది" అని చెబుతుంది. ఆ పొర ఎంజైములను తయారుచేసి లోపలికి పంపుతుంది. పిండం ఉన్న సగాన్ని కోసి పారేసి మిగతా సగాన్ని తడిపితే పిండి అలాగే ఉంటుంది. ఆ సగం గింజకే జిబ్బరెల్లిన్ చుక్క వేస్తే పిండి కరగడం మొదలవుతుంది. ఈ హార్మోను జాడ మొదట దొరికింది వరిలోనే. ఒక బూజు సోకిన వరి మొక్కలు ఎందుకు వెర్రిగా పొడవు పెరిగి పడిపోతున్నాయని వెతుకుతూ, 1926లో జపాన్ శాస్త్రవేత్త కురొసావా ఆ బూజు వదిలే పదార్థమే కారణమని చూపించాడు.

పెళ్లి పాలికల్లో మొలకలు సరిగా రాకపోతే అశుభమని కంగారుపడే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. విత్తనం పాతబడి పిండం చచ్చిపోతే హార్మోను రాదు, మొలకా రాదు. దానికీ ఆడపిల్ల భవిష్యత్తుకూ ఏ సంబంధమూ లేదు. ఈ మాట ఎన్ని పెళ్లిళ్లలో చెప్పానో.

ఫోన్ వచ్చిన వారమే బేగంబజార్‌లో పూజా సామగ్రి దుకాణం నుంచి హోమానికి వాడే యవలు, అంటే బార్లీయే, పొట్టుతో ఉన్నవి, తెచ్చి నానబెట్టాను. కిరాణా కొట్లో బార్లీ నీళ్లకని అమ్మే తెల్ల గింజలు పనికిరావు. పాలిష్ పట్టినప్పుడే వాటి పిండం పోతుంది. అయిదో రోజు ఒక గింజ ఒలిచి గోడకు రాస్తే సుద్దముక్కలా తెల్లటి గీత పడింది. మాల్ట్ చేసేవాళ్లు కూడా గింజను వేళ్ల మధ్య నలిపి ఇదే చూస్తారు. కణాల గోడలు కరిగి పిండి బయటపడిందని దానర్థం. మూటలోంచి కోసిన దోసకాయ వాసన వచ్చింది.

ఇక అసలు సంగతి. పిండి ఏ రకం బార్లీదైనా, దాని నుంచి వచ్చే మాల్టోజ్ అనే చక్కెర ఒక్కటే. ఈస్ట్ దాన్ని తిని చేసే ఆల్కహాలూ ఒక్కటే. కాబట్టి రకానికీ రకానికీ తేడా పిండిలో దొరకదు. పిండి కాని మిగతా భాగంలో, అంటే ప్రొటీన్, కొవ్వు, పొట్టు, కణాల గోడల్లో వెతకాలి. ప్రొటీన్ విరిగి అమైనో ఆమ్లాలవుతాయి. ఈస్ట్ వాటిలోని నైట్రోజన్ తీసుకుని మిగిలిన కర్బన తోకను బయటికి వదిలేస్తుంది. లూసిన్ అనే అమైనో ఆమ్లం తోక ఐసోఅమైల్ ఆల్కహాలై, ఆపై ఐసోఅమైల్ ఎసిటేట్‌గా మారి అరటిపండు వాసన ఇస్తుంది. ఫినైల్ అలనిన్ అనే మరో అమైనో ఆమ్లం తోక నుంచి గులాబీ వాసన. గింజ కొవ్వులోని లినోలిక్ ఆమ్లం ఆక్సీకరణం చెందితే పచ్చిగడ్డి, దోసకాయ వాసనలు. కణాల గోడల్లోని ఫెరూలిక్ ఆమ్లం నుంచి లవంగం ఘాటు. ఆరబెట్టే వేడిలో చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి బిస్కెట్ వాసన. ఇప్పపువ్వు వాసన ఇప్పసారాలో ఎలా మిగులుతుందో, బట్టీ ఆవిరితో పాటు ఇవీ కొంత పైకెక్కి సారాలో చేరతాయి.

పాత రకాలకూ కొత్త రకాలకూ తేడా ఇక్కడే. కొత్త రకాలను ఎకరానికి ఎన్ని బస్తాలు, టన్నుకు ఎన్ని లీటర్ల ఆల్కహాలు అనే లెక్కతో ఎంచారు. టన్ను మాల్ట్‌కు 400 లీటర్లు దాటిస్తాయి, అంటే పిండి ఎక్కువ. ఆ ఎంపికలో వాసన లెక్కలోకి రాలేదు. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల్లో పండే బేర్ అనే పాతకాలపు బార్లీది ఆరు వరసల కంకి. చలిదేశపు కురచ వేసవిలోనే పంటకొస్తుంది, దిగుబడి చాలా తక్కువ. అయినా స్కాట్లండ్‌లో దానితో విస్కీ తీస్తున్నారు. గోల్డెన్ ప్రామిస్ మాత్రం "పాతది, సహజమైనది" అనుకుని కొంటే పొరపాటే. మేథార్ప్ అనే రకం గింజల మీద గామా కిరణాలు ప్రసరింపజేసి 1960లలో తెచ్చిన పొట్టి రకం అది. దాని గురించి ఇది తెలిశాక నాకు గౌరవం పెరిగింది. రేడియేషన్ అనగానే భయపడేవాళ్లకు నేను చెప్పే మొదటి ఉదాహరణ ఇదే.

రకం ఒక్కటే కాదు, నేల కూడా లెక్కే. ఒలింపస్, లారియేట్ అనే రెండు రకాలను ఐర్లండ్‌లో రెండు చోట్ల 2017, 2018లలో పండించి, పీపాలో పోయని తాజా సారా తీసి పోల్చారు. 2021లో ఆ ఫలితాలు వచ్చాయి. వాసనల్లో తేడా తేలింది, అందులోనూ రకం కంటే పండిన చోటు ప్రభావమే ఎక్కువని తేలింది. ఓక్ పీపాలో ఏళ్ల తరబడి ఉన్నాక చెక్క రుచి పైకొస్తుంది. గింజ మాట స్పష్టంగా వినాలంటే బట్టీ నుంచి దిగిన రంగులేని సారానే వాసన చూడాలి.

మా వాడికి చివరగా మన దేశం సంగతి చెప్పాను. గోవా విస్కీ పాల్ జాన్, 2004లో గ్లాస్గోలో మొదట అమ్మకానికి పెట్టిన బెంగళూరు విస్కీ అమృత్ వాడేది ప్రధానంగా మన ఉత్తరాది ఆరు వరసల బార్లీ. స్కాట్లండ్ రెండు వరసల గింజ కంటే సన్నం, అందులో పిండి తక్కువ, పొట్టూ ప్రొటీనూ ఎక్కువ. రెండు దేశాల గ్లాసులూ పక్కపక్కన పెట్టి వాసన చూడమన్నాను. పీపా, ఎండ కూడా వేరు కాబట్టి కనిపించే తేడా అంతా గింజ ఖాతాలో వెయ్యొద్దని కూడా చెప్పాను.