క్లైమేట్ పాఠం ఒకచోట, డిజైన్ ఇంకోచోట

శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఆర్కిటెక్చర్‌కి వెళ్లే పిల్లలు విశాఖలోనో విజయవాడలోనో చేరి, మొదటి రెండేళ్లలోనే క్లైమటాలజీ పేపర్ రాసేస్తారు. సూర్యుడి దారి, గాలి దిక్కు, తేమ అన్నీ చదువుతారు, మార్కులూ బాగానే వస్తాయి. ఆ తర్వాత స్టూడియోలో, అంటే డిజైన్ క్లాసులో, గీసేది మాత్రం పడమటి వైపు నిలువెత్తు గాజు పెట్టిన బిల్డింగే. తప్పు పిల్లలది కాదు, ఈ చదువు తయారైన తీరే అలాంటిది.

మన దేశంలో ఈ కోర్సుకి మూలం 1896లో బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో పెట్టిన డ్రాఫ్ట్స్‌మన్ క్లాసు. ఆఫీసుల్లో డ్రాయింగులు గీసేవాళ్లు కావాలి, అంతే. వాతావరణం ఒక సబ్జెక్టుగా గట్టిపడింది చాలా తర్వాత, అదీ లండన్‌లో. ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న నైజీరియా విద్యార్థి అడెడోకున్ అడెయెమి, ఇక్కడ నేర్పేది మా ఎండలకీ వానలకీ పనికిరాదని పట్టుబట్టాక 1953లో ఒక సమావేశం జరిగింది, మరుసటి ఏడాదే అక్కడి ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ స్కూల్లో ట్రాపికల్ ఆర్కిటెక్చర్ (ఉష్ణ ప్రాంతాలకి తగ్గ కట్టడాల) విభాగం వచ్చింది. 1957 నుంచి దాన్ని నడిపిన ఒట్టో కోనిగ్స్‌బర్గర్ మనకి కొత్త కాదు. 1939లో మైసూరు సంస్థానంలో ఆర్కిటెక్ట్‌గా చేరి, 1948లో మన పక్కనున్న భువనేశ్వర్‌కి ప్లాన్ వేసింది ఆయనే. నెలవారీ ఉష్ణోగ్రత, తేమ, వాన లెక్కలు నింపితే గోడ ఎలా ఉండాలో, కిటికీ ఎంత ఉండాలో చెప్పే మహోనీ టేబుల్స్ కూడా ఆ బృందం నుంచి వచ్చినవే. మంచి పనిముట్టే. కానీ మన కాలేజీల్లో అది పరీక్షలో నింపే పట్టిక అయిపోయింది.

తర్వాత కోడ్లు, అంటే భవనాలు ఇంధనం ఆదా చేసేలా కట్టడానికి నియమాలు, వచ్చాయి. 2007లో పెద్ద వాణిజ్య భవనాలకి ఈసీబీసీ, 2018లో ఇళ్లకి ఎకో నివాస్ సంహిత. మన తీరం ఉక్కపోత ప్రాంతం కాబట్టి, తెరుచుకునే కిటికీలూ తలుపులూ కలిపి ఇంటి నేల విస్తీర్ణంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలంటుంది ఈ సంహిత.

మరి మన పల్లెల్లోని చుట్టిల్లు చూడండి. గుండ్రటి మట్టి గోడ, దాదాపు నేల దాకా దిగే తాటాకు కప్పు, వంగి దూరాల్సిన చిన్న గుమ్మం, కిటికీ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కోడ్ ప్రకారం ఫెయిలే! కానీ అది గాలివానకి కట్టుకున్న ఇల్లు. గుండ్రంగా ఉంటే గాలి పక్కల నుంచి జారిపోతుంది, కప్పు కిందికి దిగితే గాలి దాని కిందికి దూరి ఎత్తేయడం కష్టం. ఉక్కపోతకి జవాబు ఇంటి లోపల లేదు, బయట అరుగు మీదా చెట్ల నీడలోనూ ఉంది. పగలు పనీ, రాత్రి నిద్రా చాలావరకు అక్కడే.

మన జిల్లాల్లో చిక్కంతా ఇక్కడే ఉంది. ఎండకి చూరు ముందుకి చాచాలి, తుపానుకి అదే చూరు ప్రమాదం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి విశాఖలో గాజు ముఖాల బిల్డింగుల అద్దాలు పగిలిపోయాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టేసింది, అంటే ఇళ్లకి నీడనిచ్చే చెట్లు కూడా పోయాయి. ఒక్క మహోనీ పట్టికతో ఈ లెక్క తేలదు, బిల్డింగ్ ఎంత కరెంటు వాడుతుందో లెక్కగట్టే ఎనర్జీ సాఫ్ట్‌వేర్ కూడా గాలి కప్పుని ఎత్తేస్తుందా లేదా అన్నది చెప్పదు.

పిల్లలకి సోంపేటలోనో భోగాపురంలోనో సైట్ ఇచ్చి, ఏ కిటికీ ఎప్పుడు తెరుస్తావు, తుపాను హెచ్చరిక వస్తే దేంతో మూస్తావు అని మొదటి జ్యూరీలోనే, అంటే మాస్టార్లు కూర్చుని డిజైన్‌ని పరీక్షించేటప్పుడే, అడగాలి. అడుగుదామన్నా, క్లైమటాలజీ చెప్పే మాస్టారిని చాలాచోట్ల ఆ జ్యూరీకి పిలవరు.