లీడర్‌షిప్ పాఠం చెప్పే కుర్చీలో ఎవరుంటారు? విశాఖలో దీని వెనుక కథ

ఒక సంస్థను ఎలా నడపాలో నేర్పే కోర్సుకు మేష్టారుగా ఎవరు పనికొస్తారు? పీహెచ్‌డీ చేసి పరిశోధన పత్రాలు రాసినవారా, పాతికేళ్లు ప్లాంటులోనో నౌకలోనో జనాన్ని నడిపించినవారా? అడ్మిషన్ల సీజన్‌లో ఏ కాలేజీని అడిగినా మా దగ్గర ఇద్దరూ ఉన్నారనే చెబుతుంది. ఫ్యాకల్టీ జాబితా తెరిస్తే రెగ్యులర్ పోస్టుల్లో ఎక్కువగా మొదటి రకంవారు కనిపిస్తారు. రెండో రకంవారి పేర్ల పక్కన గెస్ట్ అనో, విజిటింగ్ అనో ఉంటుంది. ఈ తేడా నిన్న మొన్న వచ్చింది కాదు. దీని మొదలు వెతుకుతూ పోతే ఏడు దశాబ్దాల వెనక్కి, విశాఖలోని వాల్తేరు కొండ మీదికే వెళ్లాలి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టి, 1930లో వాల్తేరుకు వచ్చింది. 1957లో ఇక్కడ ఎంబీఏ మొదలయ్యే నాటికి దేశంలో ఒక్క ఐఐఎం కూడా లేదు. కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలు వచ్చింది 1961లో. అప్పటి వైస్ చాన్సలర్ వి.ఎస్. కృష్ణ స్వయంగా ఎకనామిక్స్ మనిషి. ఎంబీఏ చదివినవాళ్లు దేశంలో దాదాపు లేనప్పుడు ఎంబీఏ పాఠాలు ఎవరు చెప్పాలి? కామర్స్, ఎకనామిక్స్ చదివినవాళ్లే చెప్పాలి. ఆ శాఖ పేరులో ఇప్పటికీ కామర్స్, మేనేజ్‌మెంట్ రెండూ కలిసి ఉండటం ఆ పుట్టుక గుర్తే. పద్దులు, ధరలు, కంపెనీ చట్టం అంటే వాళ్లకు కొట్టినపిండి. మనుషుల్ని నడిపించడం మాత్రం అప్పటికింకా ఒక సబ్జెక్టు అని ఎవరూ అనుకోలేదు.

ఆ సబ్జెక్టు ఊళ్లో ఇంకోచోట, పని జరిగేచోట తయారవుతోంది. 1933లో పోర్టు తెరిచారు. 1941లో సింధియా షిప్‌యార్డుకు శంకుస్థాపన జరిగింది. ఎంబీఏ మొదలైన 1957లోనే కాల్టెక్స్ రిఫైనరీ పని ప్రారంభించింది. తర్వాత భారీ పరికరాలు చేసే బీహెచ్‌పీవీ, కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ, హిందుస్తాన్ జింక్, స్టీల్ ప్లాంట్ వరసగా వచ్చాయి. ఇంతమంది కార్మికులు, ఇన్ని యూనియన్లు ఒకేచోట ఉంటే వాళ్లతో మాట్లాడగలిగే అధికారి కావాలి. పైగా 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ ప్రకారం, 500 మందికి తక్కువ కాకుండా కార్మికులున్న ప్రతి ఫ్యాక్టరీలో, కార్మికుల సంక్షేమం చూసే వెల్ఫేర్ ఆఫీసర్ అప్పట్లో ఉండాల్సిందే. ఆ ఉద్యోగానికి ఏం చదివి ఉండాలో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించేది. అలా సోషల్ వర్క్, ఐఆర్‌పీఎం (పారిశ్రామిక సంబంధాలు, సిబ్బంది నిర్వహణ) చదువులకు గిరాకీ పెరిగింది. ఈ దారిలో వచ్చిన మేష్టార్లకు కార్మిక చట్టం కంఠతా ఉంటుంది. సమ్మె ఎందుకు మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో కూడా తెలుసు. నన్నడిగితే విశాఖలో లీడర్‌షిప్ బోధనకు అసలైన పూర్వీకులు వీళ్లే. కాకపోతే వాళ్ల సిలబస్‌లో ఆ మాట కనిపించేది కాదు. సంప్రదింపులు, గ్రీవెన్స్ (కార్మికుల ఫిర్యాదులు), బోనస్ అని ఉండేది.

ఇక పీహెచ్‌డీ పట్టు ఎక్కడి నుంచి వచ్చిందంటే, అమెరికా వైపు చూడాలి. 1959లో ఫోర్డ్, కార్నెగీ సంస్థలు విడివిడిగా తెప్పించుకున్న రెండు నివేదికలు అక్కడి బిజినెస్ స్కూళ్లను గట్టిగా ఏకిపారేశాయి. చదువు మరీ వృత్తివిద్యలా ఉందని, అధ్యాపకుల్లో పరిశోధన లేదని అన్నాయి. దాంతో సైకాలజీ, సోషియాలజీ, గణితం చదివిన డాక్టరేట్లను తెచ్చి నింపారు. మన తొలి ఐఐఎంలు అదే గాలిలో పుట్టాయి. కలకత్తాకు ఎంఐటీ, అహ్మదాబాద్‌కు హార్వర్డ్ తోడు నిలిచాయి. ఆర్గనైజేషనల్ బిహేవియర్, అంటే మన పిల్లలు ఓబీ అనే పేపరు, మేనేజ్‌మెంట్‌లోకి వచ్చింది సైకాలజీ దారినే. లీడర్‌షిప్ చాప్టరు కూడా ఎక్కువగా అందులోనే ఉంటుంది.

అమెరికాలో తర్వాత లీడర్‌షిప్ విడిగా డిగ్రీ అయింది. రిచ్‌మండ్ విశ్వవిద్యాలయంలో జెప్సన్ స్కూల్ 1992లో ప్రత్యేకంగా అందుకోసమే తెరుచుకుంది. దీనికి తల్లి శాస్త్రమంటూ ఒకటి లేదు కాబట్టి అక్కడి ఇలాంటి కోర్సుల్లో ఎడ్యుకేషన్, కమ్యూనికేషన్, సైన్యం, చర్చి నేపథ్యాలవాళ్లు కలగలిసి కనిపిస్తారు. మన దగ్గర అది ఎక్కువగా ఎంబీఏలో ఒక పేపరుగానే మిగిలింది. ఆ సెమిస్టర్‌లో ఓబీ ఎవరికి పడితే లీడర్‌షిప్ కూడా వాళ్లదే.

ఐసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా ఎంబీఏ సీట్లు నింపే కాలేజీలు పెరిగాక కథ ఇంకో మలుపు తిరిగింది. యూనివర్సిటీ కమిటీ ముందు కూర్చుని ర్యాటిఫికేషన్ (నియామకానికి ఆమోదం) తెచ్చుకున్న ఫ్యాకల్టీ ఎంతమంది అన్నదే లెక్క. ఎంబీఏ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీజీ ఫస్ట్ క్లాసుతో పాటు రెండేళ్ల ప్రొఫెషనల్ అనుభవం ఉండాలని సాంకేతిక, మేనేజ్‌మెంట్ విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధన చెబుతుంది. మంచి నిబంధనే. కానీ ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే కనిపించే 'పేపర్ ఫ్యాకల్టీ' అనే మాట వాడుకలోకి వచ్చిందంటే, కాగితం మీది అనుభవాన్ని ఎంత నమ్మాలో ఎవరికి వాళ్లే ఊహించుకోవచ్చు.

2015లో విశాఖ ఐఐఎం వచ్చింది. ఐఐఎం బెంగళూరు చేయి పట్టుకుని నడిపిస్తే ఏయూ ప్రాంగణంలో మొదలై, తర్వాత నగర శివారులోని గంభీరం గ్రామానికి మారింది. అప్పట్లో ఐఐఎంలకు డిగ్రీలిచ్చే అధికారం లేదు. తమ డాక్టరేట్ స్థాయి చదువుకు 'ఫెలో' అని పేరు పెట్టుకునేవి. 2017 చట్టం వచ్చాకే పీహెచ్‌డీ అని రాసివ్వగలిగాయి. డిగ్రీ పేరుకు మన వ్యవస్థ ఇచ్చే బరువు ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది.

2022లో, విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అనే తలుపు తెరిచింది. తన రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం, అదీ సీనియర్ స్థాయిలో ఉంటే చాలు, పీహెచ్‌డీ అక్కర్లేదు. సంస్థలోని మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదు, మొత్తం కాలం నాలుగేళ్లు దాటకూడదు. ఆ కాస్త వాటా కోసం మేనేజ్‌మెంట్ శాఖ ఇంజినీరింగ్‌తో, లాతో పోటీపడాలి. తూర్పు నౌకాదళంలో, స్టీల్ ప్లాంట్‌లో, పోర్టులో పనిచేసి రిటైరైనవాళ్లు ఇంతమంది ఉన్న ఊరికి ఇది చాలా చిన్న తలుపు. పైగా 'సీనియర్ స్థాయి' అనగానే కమిటీలకు జనరల్ మేనేజర్, నౌకాదళ ఉన్నతాధికారి కమోడోర్ గుర్తొస్తారు. ముప్పై ఏళ్లు షిఫ్టు నడిపిన ఫోర్‌మన్‌, యూనియన్ కార్యదర్శి ఎందుకు గుర్తుకురారు? జీతం పెంచే అధికారం, ఛార్జిషీటు ఇచ్చే అధికారం లేకుండా మనుషుల్ని వెంట నడిపించుకున్నది వాళ్లే కదా.

అలాగని అనుభవం ఉన్న ప్రతివాళ్లూ పాఠం చెప్పలేరు. తన సర్వీసు కథలు చెప్పి గంట గడిపేసే అతిథులను విద్యార్థులు ఇట్టే పసిగడతారు. మంచి కథ చెప్పాక, 'ఇదే పని ఇంకోచోట ఎందుకు బెడిసికొట్టింది' అని అడిగించడానికి చదువు కావాలి. ఇద్దరూ ఒకే క్లాసులో కలిసి నిలబడితే బాగుంటుంది. కానీ మన టైంటేబుళ్లలో గంటకు ఒక్క పేరే పడుతుంది, గెస్టుకు గంట లెక్కన డబ్బిస్తారు.

మధ్యలో ఇంకో దారి ఉంది. ఉద్యోగం చేస్తూనే, యాజమాన్యం నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని, పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేయడానికి 2022 యూజీసీ నిబంధనలు ఒప్పుకుంటాయి. కానీ యాభై ఏళ్లు దాటాక ఆ పట్టా చేతికొచ్చిన ప్లాంటు ఇంజినీరు రెగ్యులర్ పోస్టు అడిగితే, ఆయన వెనకున్న సర్వీసును ఏ గ్రేడులో లెక్కగట్టాలన్న దగ్గరే బేరం మొదలవుతుంది.