ఏ ఫార్ములా వాడాలి తాతయ్యా?

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవులు బుజ్జికీ, చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

త్వరణం, అంటే వేగం ఎంత చొప్పున మారుతుందో చెప్పే లెక్కలంటే మీ ఇద్దరికీ టెన్షనని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఫార్ములాలన్నీ నోటికి వచ్చుగానీ, దేనికి ఏది వాడాలో తెలియడం లేదట. అంకెలు కనబడగానే ఫార్ములా వెతుక్కుంటే ఎవరికైనా అంతే. ముందు చూడాల్సింది వేరు: త్వరణం మొదటినుంచి చివరిదాకా ఒకటేనా?

మన మెట్రోనే తీసుకోండి. రెండు స్టేషన్ల మధ్య 1,200 మీటర్లు అనుకుందాం. రైలు వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 1 మీటరు చొప్పున పెరిగి 20కి చేరింది. కొంతసేపు అలాగే పోయి, మళ్లీ అదే లెక్కన తగ్గి ఆగింది. ఎంతసేపు పట్టింది?

తొందరపడి 1,200ని 'ఎస్ ఈక్వల్స్ హాఫ్ ఏటీ స్క్వేర్'లో పెడితే 49 సెకన్లు వస్తుంది. జవాబు చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అప్పటికి రైలు వేగం కూడా సెకనుకు 49 మీటర్లు, అంటే గంటకు 176 కిలోమీటర్లు! నమ్మ మెట్రో గంటకు 80 దాటదు. ఆ వేగంతో స్టేషన్లోకి వస్తే దిగేదెవరు, ఎక్కేదెవరు?

ఆ ఫార్ములా త్వరణం దారంతా ఒకటే ఉంటేనే పనికొస్తుంది, ఇదేమో మూడు ముక్కల ప్రయాణం. అడ్డంగా కాలం, నిలువుగా వేగం పెట్టి గీయండి, ట్రెపీజియం వస్తుంది. వేగం అందుకోవడానికి 20 సెకన్లు. సగటు వేగం 10 కాబట్టి 200 మీటర్లు. ఆగడానికీ అంతే. మిగిలిన 800 మీటర్లకు 40 సెకన్లు. మొత్తం 80. బొమ్మ వైశాల్యం కట్టి చూడండి, సరిగ్గా 1,200 వస్తుంది. గెలీలియో కూడా 1638లో అచ్చైన తన పుస్తకంలో ఈ సగటు వేగం సంగతిని బొమ్మ గీసే చూపించాడు. నన్నడిగితే ఫార్ములాల కంటే ఈ బొమ్మే మేలు.

అయినా పరీక్షలో ఫార్ములా తప్పదు కదా. యు (మొదటి వేగం), వి (చివరి వేగం), ఏ (త్వరణం), ఎస్ (స్థానభ్రంశం, అంటే మొదలైన చోటునుంచి ఎటు, ఎంత జరిగిందో), టి (కాలం) అని ఐదూ రాసుకోండి. లెక్కలో ఇవ్వనిదీ, అడగనిదీ ఒకటి ఉంటుంది. అది లేని ఫార్ములా తీసుకోండి, అంతే.

ఇక ప్లస్, మైనస్ గుర్తులు. 15 మీటర్ల ఎత్తున్న డాబా అంచునుంచి బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో పైకి విసిరారు. నేలకు ఎప్పుడు తగులుతుంది? పైదిశ ప్లస్ అనుకుంటే ఎస్ మైనస్ 15, భూమి కిందికి లాగుతుంది కాబట్టి ఏ సుమారు మైనస్ 10. పైకి వెళ్లడం, కిందికి రావడం అని విడగొట్టక్కర్లేదు, దారంతా త్వరణం ఒకటే. వి లేని ఫార్ములాలో పెడితే టి విలువ 3 వస్తుంది, ఇంకొకటి మైనస్ 1. చిన్నా, దాన్ని కొట్టెయ్యకముందు ఒకసారి చూడు. అదే బంతిని నేలమీదనుంచి సెకనుకు 20 మీటర్ల వేగంతో ఎవరో విసిరి ఉంటే, సరిగ్గా 1 సెకను తర్వాత డాబా అంచు దగ్గర దాని వేగం 10 ఉండేది. ఆ విసిరిన క్షణమే మైనస్ 1.

మీ తాతయ్య