డిపెండెన్సీ ఇన్‌స్టాల్ మధ్యలో కూలిపోతోందా? అపోహలు - వాస్తవాలు

డిపెండెన్సీ అంటే మీ యాప్ ఆధారపడే బయటి లైబ్రరీ, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్.

అపోహ: నోడ్ మాడ్యూల్స్ (లైబ్రరీలు దిగే ఫోల్డర్), లాక్ ఫైల్ రెండూ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే చాలు.

ఫోల్డర్ తీసేయండి, పర్వాలేదు. లాక్ ఫైల్ జోలికి మాత్రం వెళ్లకండి. నిన్నటిదాకా యాప్ ఏ వెర్షన్లతో నడిచిందో కచ్చితంగా రాసి ఉన్నది అందులోనే. అది పోతే ప్రతి లైబ్రరీ ప్యాకేజ్.జేసన్ (యాప్‌కి కావాల్సిన లైబ్రరీల జాబితా ఉండే ఫైల్) అనుమతించినంత మేర తాజా వెర్షన్‌కి మారిపోతుంది. ఒక్క లోపం సరిచేయబోయి పది కొత్తవి తెచ్చుకున్నట్టే. ఫోల్డర్ తీసేశాక 'ఎన్‌పీఎం సీఐ' నడపండి (ఎన్‌పీఎం అంటే లైబ్రరీలు తెచ్చిపెట్టే టూల్). అది లాక్ ఫైల్‌ని మార్చదు, దానికీ ప్యాకేజ్.జేసన్‌కీ పొంతన లేకపోతే ఆగి చెబుతుంది.

అపోహ: 'ఈరిజాల్వ్' (లైబ్రరీల వెర్షన్లు పొసగడం లేదనే) ఎర్రర్‌కి మందు లెగసీ-పీర్-డెప్స్ ఫ్లాగ్ (కమాండ్‌కి తగిలించే ఆప్షన్).

అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసే అలవాటు ఇదే. ఎన్‌పీఎం 7 నుంచి పీర్ డిపెండెన్సీలు (ఒక లైబ్రరీ తన పక్కన ఉండాలని కోరే వేరే లైబ్రరీలు) వాటంతటవే ఇన్‌స్టాల్ అవుతాయి, పొసగకపోతే పని ఆగిపోతుంది. ఆ ఫ్లాగ్ పెడితే గొడవ తీరదు, తనిఖీ ఆగిపోతుందంతే.

ఎర్రర్‌లో రెండు చోట్ల చూడాలి. 'ఫౌండ్' పక్కన రియాక్ట్ అనే లైబ్రరీ 18.2.0 అని, కింద 'పీర్' దగ్గర ^17.0.0 (అంటే 17వ వరుస వెర్షనే కావాలి) అని ఉందనుకోండి. ఆ పీర్ వరుస చివర్లో ఏ లైబ్రరీ పేరుందో, అడ్డం పడుతున్నది అదే. దానికి 18ని ఒప్పుకునే కొత్త వెర్షన్ ఉందేమో ముందు చూడండి. లేకపోతే, 18తో అది సరిగ్గా నడుస్తోందని పరీక్షించుకున్నాకే, ప్యాకేజ్.జేసన్‌లో 'ఓవర్‌రైడ్స్' కింద ఆ ఒక్క లైబ్రరీకే సడలింపు ఇవ్వండి. ఫ్లాగ్‌తో దాటేస్తే, 17 కోసం రాసిన కోడ్ 18లో లేని ఫంక్షన్‌ని పిలిచిన రోజున యాప్ వాడేవాళ్ల ఫోన్‌లో కూలుతుంది.

అపోహ: అనుమతి లేదంటే సుడో (అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపేది) పెట్టాలి.

పెడితే ఫైళ్లు రూట్ (అడ్మిన్) పేరు మీదకి పోవచ్చు, మరుసటిసారి మామూలు కమాండ్ కూడా నడవదు. ఫోల్డర్ యాజమాన్యం మీ యూజర్‌కి మార్చుకోండి, నోడ్‌ని (జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్) ఎన్‌వీఎంతో (నోడ్ వెర్షన్లని చూసుకునే టూల్) పెట్టుకోండి.

అపోహ: గ్రాడిల్ (ఆండ్రాయిడ్ యాప్‌ని బిల్డ్ చేసే టూల్) ఆగిందంటే నెట్ బాగోలేదు.

'అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65' అని వస్తే నెట్‌కి సంబంధం లేదు. ఆ అంకెలోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ తెలుస్తుంది: 65 అంటే జావా 21, 61 అంటే 17. జావా 21 మీద నడవాలంటే గ్రాడిల్ 8.5 లేదా ఆపైది ఉండాలి. ఆండ్రాయిడ్ గ్రాడిల్ ప్లగిన్ 8.0కి కనీసం జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) 17 కావాలి. ఆండ్రాయిడ్ స్టూడియోలో బిల్డ్ అయ్యి టెర్మినల్‌లో కాకపోతే, రెండూ వేర్వేరు జేడీకేలు వాడుతున్నాయేమో చూడండి. జావా హోమ్ (జేడీకే ఎక్కడుందో చెప్పే సెట్టింగ్) ఎటు చూపిస్తోందో అక్కడ తెలిసిపోతుంది.

అపోహ: ఎగ్జిట్ కోడ్ 137తో ఆగితే ప్యాకేజీ పాడైంది.

137 అంటే 128కి 9 (చంపేసే సిగ్నల్ నంబర్) కలిపినది: ప్రాసెస్‌ని బయటి నుంచి చంపేశారని అర్థం. బిల్డ్ సర్వర్లలో ఇది చాలావరకు మెమరీ చాలకే. ఇక్కడ హీప్ పరిమితి (ప్రోగ్రామ్ వాడుకోగల మెమరీ హద్దు) పెంచితే ఇంకా త్వరగా చావొచ్చు. కంటైనర్‌కి (బిల్డ్ విడిగా నడిచే చోటు) మెమరీ పెంచాలి, లేదా ఒకేసారి పనిచేసే గ్రాడిల్ వర్కర్లని తగ్గించాలి. 'హీప్ అవుట్ ఆఫ్ మెమరీ' అని నోడే చెప్పి ఆగితే మాత్రం ఆ హద్దుని పెంచే మ్యాక్స్-ఓల్డ్-స్పేస్-సైజ్‌ని 4096 (ఎంబీ) చేసి చూడొచ్చు.

అపోహ: పాడ్ ఇన్‌స్టాల్ (ఐఓఎస్ యాప్‌కి పాడ్‌లు అనే లైబ్రరీలు తెచ్చే కమాండ్) కుదరకపోతే పాడ్ అప్‌డేట్.

పేరివ్వకుండా అప్‌డేట్ కొడితే పాడ్‌లన్నీ మారతాయి. ముందు రెపో-అప్‌డేట్ (పాడ్‌ల జాబితాని తాజా చేసే) ఫ్లాగ్‌తో ఇన్‌స్టాల్ చేయండి. అప్పటికీ కాకపోతే ఆ ఒక్క పాడ్ పేరిచ్చి అప్‌డేట్ చేయండి. డిప్లాయ్‌మెంట్ టార్గెట్ (యాప్ నడిచే కనీస ఐఓఎస్ వెర్షన్) చాలదని ఎర్రర్ చెబితే పాడ్‌ఫైల్‌లో ఐఓఎస్ వెర్షన్ పెంచాలి, పాడ్‌లని కదపనక్కర్లేదు.