ఒక సెమిస్టర్ విదేశాల్లో: మా చెరువు గట్ల మీద వినిపించే అపోహలు, అసలు సంగతులు

సంక్రాంతి పందేల బరులు ఇంకా పూర్తిగా తీయని రోజుల్లో ఒకాయన మా కాలేజీకి వచ్చారు. ఉండి ఊరి దగ్గర రొయ్యల చెరువులున్నాయి ఆయనకి. కుర్చీలో కూర్చోకుండానే అడిగేశారు: "ఏవండీ మాస్టారూ, మా వోడు ఫ్రాన్సులో ఓ సెమిస్టర్ చదువుతానంటున్నాడు. ఎన్ని ఎకరాలు తీసెయ్యాలంటారు?"

ఆయన్ని తప్పుపట్టడానికేం లేదు. భీమవరం చుట్టుపక్కల విదేశీ చదువు అనగానే ముందు గుర్తొచ్చేది పొలం కాగితాలే. ఇక్కడి బోర్డులన్నీ ఎమ్మెస్, వీసా, లోను అనే మూడు మాటల మీదే నడుస్తాయి. నేను ఎంబీఏ పిల్లలకి ఫైనాన్సు చెబుతూ, ఆరేళ్ళుగా పిల్లల్ని ఒక సెమిస్టర్ విదేశీ కాలేజీకి పంపే ఎక్స్ఛేంజ్ పనులు కూడా చూస్తున్నాను. ఈ ఆరేళ్ళలో విన్న అపోహల్లో ముప్పాతిక వంతు ఒకే చోట పుట్టాయి: పిల్లాడు మన కాలేజీ వదిలేసి అక్కడి కాలేజీలో చేరిపోతున్నాడనుకోవడం దగ్గర. వాడు ఎక్కడా చేరడు. మన హాల్‌టికెట్ నంబరుతోనే వెళ్తాడు, దానితోనే తిరిగొస్తాడు.

అపోహ: అక్కడి ఫీజు లక్షల్లో కట్టాలి

ఎక్స్ఛేంజ్ అంటే రెండు కాలేజీల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం. మీ పిల్లాడు మన ఫీజు మనకే కడతాడు, అక్కడి పిల్లాడు వాళ్ళ ఫీజు వాళ్ళకే కడతాడు. అక్కడ ట్యూషన్ ఫీజు అడగరు. మీ జేబులోంచి పోయేది గది అద్దె, తిండి, ఇన్సూరెన్సు, వీసా, టికెట్టు.

అదీ తక్కువేం కాదు. జర్మనీ వీసాకి నెలకి 992 యూరోల లెక్కన ఖర్చులకి డబ్బు చూపించమంటున్నారు. అయిదు నెలలకి 4,960 యూరోలు. యూరో వంద రూపాయలు వేసుకుంటే అయిదు లక్షల దరిదాపు. ఇది ఫీజు కాదు, మీ డబ్బే. బ్లాక్డ్ అకౌంటులో వేస్తే పిల్లాడికి నెలనెలా విడుదలవుతుంది. ఫ్రాన్సు వీసాకి నెలకి 615 యూరోలు చూపిస్తే చాలు గానీ, పారిస్‌లో అది గది అద్దెకే సరిపోదు. చిన్న ఊళ్ళో కాలేజీ దొరికితే వదులుకోవద్దని అందుకే చెబుతాను. ఇంకో చిన్న ఊరట: 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షల లోపు పంపే డబ్బు మీద బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను కోయదు.

ఇదంతా విని ఆయన ఓ నిమిషం మాట్లాడలేదు. మనసులో కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) లెక్క వేసుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. "అయితే ఎకరాల జోలికి వెళ్ళక్కర్లేదు. రొయ్యల పట్టుబడి బావుంటే గట్టెక్కేస్తామండి" అన్నారు.

ఒక జాగ్రత్త. ఫీజు కట్టించుకుని ఒక సెమిస్టర్ చెప్పే కోర్సులూ ఉన్నాయి. వాటినీ ఎక్స్ఛేంజ్ అనే పిలిచేస్తున్నారు. అక్కడి నుంచి వచ్చిన లెటర్‌లో ట్యూషన్ ఫీజు మినహాయింపు అన్న వాక్యం ఉందో లేదో చూడండి. లేకపోతే మీరు వింటున్నది వేరే బేరం.

అపోహ: ప్రిన్సిపాల్ గది గోడ మీద ఎంఓయూ ఫొటో ఉంటే సీట్లున్నట్టే

బొకేలు, శాలువాలు, రెండు జెండాలు ఉన్న ఆ ఫొటోలో నేనూ ఉన్నాను కాబట్టి నిర్భయంగా చెప్పగలను. ఎంఓయూ అంటే కలిసి పనిచేద్దామని రాసుకునే అవగాహన పత్రం, ఓ పరిచయం. సీట్లు ఇచ్చేది విడిగా రాసుకునే విద్యార్థుల ఎక్స్ఛేంజ్ ఒప్పందం. ఏడాదికి ఎంతమంది, ఎన్నేళ్ళపాటు, ఏ కోర్సుల వాళ్ళు అన్నది అందులో ఉంటుంది.

అది ఉన్నా చిక్కు తీరదు. ఇటునుంచి ఇద్దరు వెళ్తే అటునుంచి ఇద్దరు రావాలి. డెల్టాలో అయిదు నెలలు ఉండటానికి లియాన్ నుంచో మిలాన్ నుంచో ఎవరొస్తారు? రారు. రెండేళ్ళు మనవాళ్ళే వెళ్ళి, అటునుంచి ఎవరూ రాకపోతే లెక్క తూగక అవతలివాళ్ళు మర్యాదగా ఉత్తరాలు రాయడం మానేస్తారు. చాలా కాలేజీల్లో ఒప్పందాలు చప్పుడు లేకుండా ఆగిపోయేది ఇక్కడే.

మేం కనిపెట్టిన దారి రెండు వారాల కోర్సు. అక్కడి పిల్లలు అలా నలుగురు వస్తే మాకు ఒక సెమిస్టర్ సీటుగా లెక్కేసుకునేట్టు ఒప్పించాం. వాళ్ళకి ధవళేశ్వరం బ్యారేజీ, నరసాపురం లేసు అల్లే ఇళ్ళు, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు చూపిస్తాం. కాళ్ళ ఊరి దగ్గర చెరువు మీదికి తెల్లారకముందే తీసుకెళ్ళాం ఒకసారి. ఒకమ్మాయి చెక్ ట్రే పైకి లాగి, మేత మిగిలిందో లేదో రైతు వేలితో కెలికి చూడటం గమనించి, "ఈ రొయ్య ధర ఎవరు నిర్ణయిస్తారు?" అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను. ఆ రైతు నవ్వి, "నేనైతే కాదని చెప్పండి" అన్నారు. వాళ్ళ సప్లయ్ చైన్ క్లాసుకి ఆ అమ్మాయి రాసిన రిపోర్టు ఆ వాక్యంతోనే మొదలైంది.

కాబట్టి కాలేజీలో చేరేముందు ఎన్ని ఎంఓయూలున్నాయని అడగొద్దు. పోయినేడు ఎంతమందిని పంపారు, ఎక్కడికి పంపారు అని అడగండి. జవాబు నీళ్ళు నమిలినట్టుంటే మీకు విషయం తెలిసిపోయినట్టే.

అపోహ: ఏజెంటు ఉంటే పని తేలిగ్గా అవుతుంది

అవదు. ఎక్స్ఛేంజ్‌కి పేరు పంపేది కాలేజీ మాత్రమే. దాన్నే నామినేషన్ అంటారు. దానికి బయటివాళ్ళు డబ్బడిగితే లేచి వచ్చేయండి.

అపోహ: అక్కడ పాసైతే క్రెడిట్లు వాటంతట అవే వచ్చేస్తాయి

అన్నిటికంటే నష్టం చేసేది ఇదే. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

యూరప్‌లో లెక్క ఈసీటీఎస్ (యూరప్ ఉమ్మడి కొలత) క్రెడిట్లలో ఉంటుంది. సెమిస్టర్‌కి 30. ఒక్కో క్రెడిట్ అంటే క్లాసు, చదువు, అసైన్‌మెంట్లు అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల పని. మన దగ్గర క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు. రెండూ ఒకటి కాదు. అక్కడి ఏ సబ్జెక్టు మన దగ్గర దేనికి సరిపోతుందో వెళ్ళకముందే రాసుకుని విద్యార్థి, మన కాలేజీ, అక్కడి కాలేజీ సంతకాలు పెట్టాలి. ఆ కాగితం పేరు లెర్నింగ్ అగ్రిమెంట్. వీసా తర్వాత అంత విలువైన కాగితం ఇదే. పిల్లలు మాత్రం వీసా స్టాంపుకి ఫొటో తీస్తారు, దీన్ని ఏ ఫోల్డర్లో పెట్టారో కూడా గుర్తుండదు.

నేను ఈ పనిలోకి వచ్చిన రెండో ఏడాది ఒకమ్మాయి వెళ్ళింది. మొదటి వారంలోనే ఆమె తీసుకున్న ఒక ఎలక్టివ్ రద్దయింది, చేరినవాళ్ళు చాలలేదని. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో అడిగింది: "సార్, దీని బదులు ఇంకోటి తీసుకోనా?" పేరు చూస్తే దగ్గరగానే అనిపించి, "పర్లేదమ్మా, తీసుకో" అని పెట్టాను. సిలబస్ తెప్పించుకోలేదు. ఎవరి సంతకమూ తీసుకోలేదు. ఆమె అక్కడ మంచి మార్కులే తెచ్చుకుంది. తీరా వచ్చాక సిలబస్ సంగతి తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో అది మన సబ్జెక్టుకి సరిపోదన్నారు. మూడు క్రెడిట్లు తక్కువ. నాలుగో సెమిస్టర్‌లో ప్రాజెక్టుతో పాటు ఆ పేపరు కూడా విడిగా రాసింది పాపం. నా వాట్సాప్ మెసేజీ ఏ బోర్డు ముందూ చెల్లలేదు, చెల్లకూడదు కూడా.

అప్పటినుంచి వెళ్ళేవాళ్ళ అగ్రిమెంటులో అవసరమైనవాటి కంటే రెండు సబ్జెక్టులు ఎక్కువే ముందుగా ఆమోదం చేయించి ఉంచుతున్నాను. మార్పు ఏదైనా సిలబస్‌తో సహా ఈమెయిల్లోనే రావాలి.

మార్కుల సంగతీ చెప్పుకోవాలి. జర్మనీలో 1.0 అంటే అందరికంటే మిన్న, 4.0 అంటే బొటాబొటీ పాసు. "1.3 వచ్చిందమ్మా" అని ఒకబ్బాయి సంబరంగా ఫోన్ చేస్తే, "ఎంతకి నాన్నా, పదికా?" అని వాళ్ళమ్మ ఏడ్చినంత పని చేసింది. ఫ్రాన్సులో 20కి 10 వస్తే పాసు, 14 వస్తే గట్టివాడే. చాలా కాలేజీలు అక్కడి మార్కుల్ని మన సీజీపీఏలో కలపవు, క్రెడిట్లు మాత్రమే తీసుకుంటాయి. మీ కాలేజీ నిబంధన ఏమిటో వెళ్ళకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. పర్సంటేజీ కటాఫ్ పెట్టే కంపెనీలకి అప్లై చేసేటప్పుడు పనికొస్తుంది.

అపోహ: షెంజెన్ వీసా ఉంటే సరిపోతుంది

యూరప్ దేశాలు చాలావాటికి కలిపి ఇచ్చే మామూలు షెంజెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండొచ్చు. సెమిస్టర్ అంతకంటే ఎక్కువ కాబట్టి ఆ దేశం విడిగా ఇచ్చే లాంగ్ స్టే వీసా తీసుకోవాలి. ఫ్రాన్సు స్టూడెంట్ వీసాలో ఇంకో మెలిక ఉంది: దిగిన మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో వ్యాలిడేట్ చేసుకోవాలి. సెప్టెంబరులో వెళ్ళాలంటే నామినేషన్లు వేసవి ముందే అయిపోతాయి. పాస్‌పోర్టు భీమవరం సేవా కేంద్రంలోనే అవుతుంది గనక ముందే చేయించుకోండి. రైలెక్కి హైదరాబాదు వెళ్ళేది వీసాకే ఉండాలి.

అపోహ: ఒకసారి వెళ్తే అక్కడే సెటిలైపోవచ్చు

చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోమని ఇచ్చే గడువు అక్కడ డిగ్రీ తీసుకున్నవాళ్ళకి. ఎక్స్ఛేంజ్ పిల్లాడికి వచ్చేది అక్కడి మార్కుల కాగితం, అంటే ట్రాన్స్‌క్రిప్టు మాత్రమే. పార్ట్ టైం పనికి ఫ్రాన్సులో ఏడాదికి 964 గంటలు, జర్మనీలో 140 రోజుల పరిమితి ఉంది. కానీ నాలుగైదు నెలల కోసం భాష రాని ఊళ్ళో పని దొరికేసరికే సగం సెమిస్టర్ అయిపోతుంది. ఆ డబ్బు మీద ఆధారపడి బయల్దేరొద్దు.

ప్లేస్‌మెంట్లు పోతాయన్న భయం మాత్రం అపోహ కాదు. మూడో సెమిస్టర్‌లో వెళ్తే క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు కొన్ని నిజంగానే తప్పిపోతాయి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి ఒప్పుకునేవి ఉన్నాయి. ఇక్కడ ఉదయం పది అంటే చలికాలంలో పారిస్‌లో తెల్లవారుజామున అయిదున్నర. అలారం పెట్టుకుని, టై కట్టుకుని, హాస్టల్ వంటగదిలో కూర్చుని ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ళున్నారు. ఏదో ఒకటి వదులుకోవడం ఇష్టం లేనివాళ్ళు వెళ్ళకపోవడమే మంచిదని మొహమాటం లేకుండా చెప్పేస్తాను.

అపోహ: అక్కడి క్లాసులు తేలిక, తిరగడానికే వెళ్తారు

తిరుగుతారు, కాదనను. కానీ క్లాసులో నోరు తెరిస్తేనే వచ్చే మార్కులుంటాయి. గ్రూపులో నలుగురు పని చేసి ఒకడు పేరు రాయించుకునే అలవాటు అక్కడ సాగదు. తోటివాళ్ళే మార్కులేస్తారు మరి.

ఇక సామాను. ఆ ఉండి ఆయన చివర్న అడిగింది కూడా ఇదే: "మా ఇంటావిడ పచ్చళ్ళు కట్టిస్తానంటోంది, పట్టుకెళ్ళనిస్తారా?" బయటి దేశాల నుంచి మాంసం, పాల సరుకు యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. చికెన్ పచ్చడి, నెయ్యి, కోవా ఇంటి దగ్గరే ఆపేయండి. పచ్చి కరివేపాక్కీ సర్టిఫికెట్టు కావాలంటారు. పచ్చి కొబ్బరికాయకి ఆ సర్టిఫికెట్టు అక్కర్లేదు, కానీ ఎండుకొబ్బరి అయితే విమానం ఎక్కేచోటే తీయించేస్తారు. చేపలు, రొయ్యలతో చేసినవి సొంతానికి 20 కిలోల దాకా ఒప్పుకుంటారు.

"రొయ్యల పచ్చడి వెళ్తుందా అయితే?"

"వెళ్తుందండి."

"ఆయ్" అని అప్పుడు కూర్చున్నారు కుర్చీలో. "ఆ కాగితమేదో ఇవ్వండి, మా వోడి చేత నింపిస్తాను."